పడవ విద్య – పడవ లైసెన్సు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో పడవను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. తెలుగునాట గ్రంథాలయమునకును పడవకును పాత చుట్టరికము కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామముల నడుమ కాలువమీద పడవ గ్రంథాలయమును నడిపించిరి. బడికి దూరమై, పట్టణమునకు దూరమై యుండిన కాలువగట్టు పల్లెలకు పుస్తకము పడవమీద నడచి వచ్చెను. ఆ విధముగా పడవ పుస్తకమునకు ఉపకారము చేసినది. ఆ ఋణమును పుస్తకము ఇంకను తీర్పవలసియున్నది. పడవ నడుపువారికిని, పడవ నెక్కువారికిని నీటి విద్యను నేర్పుటయే ఆ ఋణము తీర్చుట.

ఈనాటి విషయము ముఖ్యముగా వినోదార్థము సాగెడు పడవ ప్రయాణములను గూర్చినది. పాపికొండల విహారము, కృష్ణలో కార్తీక స్నానమునకు వెళ్లినవారి సాయంకాలపు షికారు, పట్టణములలో చెరువులమీద త్రొక్కుడు పడవలు, బడిపిల్లల విహారయాత్రలు, ఇవన్నియు అందులోనివే. ఇట్టి పడవలను ఎవరు నడుపవలెను? నడుపువానికి ఏమి తెలిసియుండవలెను? అది తెలిసినదని చెప్పు కాగితము ఎవరు ఇయ్యవలెను? ఎక్కువాడు ఏమి చూచి ఎక్కవలెను? ఈ నాలుగు ప్రశ్నలకును సమాధానము వెదకుటయే ఈ ప్రసంగ ప్రయోజనము.

పూర్వపు పడవ – నేటి పడవ

1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట మూలమున గోదావరి కాలువలు సేద్యమునకే గాక రాకపోకలకును మార్గములయ్యెను. ధాన్యము, కొబ్బరికాయలు, పెండ్లివారు, వ్యాజ్యెదారులు, అందరును పడవలమీదనే సాగిరి. ఆ పడవలను నడిపినవారికి లైసెన్సు లేకపోయినను విద్య ఉండెను. కొడుకు తండ్రి ప్రక్కను నిలిచి గెడ పట్టుట నేర్చెను. ఏ మాసమున ఏటి పోటు ఎట్లుండునో, ఏ మలుపున సుడి తిరుగునో, ఏ మబ్బు గాలిని తెచ్చునో వానికి కంఠస్థము. ఎక్కినవారును నీటియొడ్డున పుట్టిన వారే. పడవ ఒరిగినచో ఎట్లు కూర్చుండవలెనో వారికి ఒకరు చెప్పనక్కరలేకుండెను.

తరువాత వంతెనలు పడినవి, బస్సులు వచ్చినవి. బ్రతుకుతెరువుకై ఎక్కు పడవలు తగ్గి, వేడుకకై ఎక్కు పడవలు పెరిగినవి. అందువలన ఒక మార్పు కలిగెను. దూరపు ఊళ్లనుండి, నీరెరుగని మెట్టప్రాంతములనుండి వచ్చినవారు కుటుంబములతో, పసిపిల్లలతో పడవ యెక్కుచున్నారు. వారికి ఏరు చూడముచ్చటగా కనబడును. వారు చక్కని దృశ్యమును చూచుచుందురు; సరంగు నీటిని చూచుచుండవలెను. వంశపారంపర్యముగా వచ్చిన ఆ ఎరుక తెగిపోయినచోట పాఠమును, పరీక్షయును, లైసెన్సును నిలువవలసి వచ్చెను.

పూర్వుల రాజధర్మము

పడవకు చట్టమేల, అది దొరలు తెచ్చిన పద్ధతి కదా యని కొందరందురు. అది సరికాదు. కౌటిలీయ అర్థశాస్త్రమున రెండవ అధికరణమందు నావధ్యక్షుడను అధికారికి ఒక ప్రకరణమే కలదు. ఎల్లకాలము నీరుండు మహానదులలో పెద్ద పడవలను నడుపవలెననియు, వానిలో పెద్దయైన శాసకుడు, చుక్కాని పట్టు నియామకుడు, కొడవలిని త్రాళ్లను పట్టుకొనియుండువాడు, నీరు తోడిపోయువాడు ఉండవలెననియు అందు విధింపబడినది. వానకాలమున మాత్రమే పారు చిన్న యేళ్లకు చిన్న పడవలు చాలునని చెప్పబడినది. ఏ నీటికి ఏ పడవ, ఏ పడవకు ఎందరు సిబ్బంది యను లెక్క ఆనాడే కలదు.

అంతకంటె గమనింపదగిన మాట యొకటి ఆ ప్రకరణముననే యున్నది. మనుషులు చాలక గాని, పరికరములు లేక గాని, మరమ్మతు చేయించని కారణమున గాని పడవ చెడినచో, ఆ నష్టమును నావధ్యక్షుడే భరింపవలెను. అనగా, దోషము నీటిమీదను విధిమీదను త్రోసివేయుటకు ఆ శాస్త్రకారుడు సమ్మతింపలేదు. తనిఖీ చేయవలసినవాడు చేయకున్న, ఆతడే బాధ్యుడు.

తెలుగుదేశముననే కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుపానుకు పగిలిన ఓడలలోని సరకును పాలకులు కొల్లగొనుట అంతకు పూర్వము వాడుక. ఆ వాడుకను మాన్పి, నీటిమీద నష్టపడినవానిని రక్షించుట రాజధర్మమని ఆ ప్రభువు శిలాక్షరములలో ప్రకటించెను. కావున నీటి ప్రయాణమునకు నియమముండుట మన నేలకు క్రొత్త గాదు. ఆ నియమమును మరచుటయే క్రొత్త.

దుర్దినములు

ఈ మరపునకు మూల్యమెంతయో చెప్పుటకు దూరము పోనక్కరలేదు.

2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారము. కృష్ణానదిలో ఇబ్రహీంపట్నము దగ్గర పవిత్రసంగమమునకు హారతి చూడ పోవుచుండిన పడవ తిరుగబడెను. ఎక్కువమంది ప్రకాశము జిల్లానుండి వచ్చిన యాత్రికులు. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ పడవకు యాత్రికులను ఎక్కించుకొను అనుమతి లేదని పిమ్మట తేలెను. పోయినవారు లైఫ్ జాకెట్లు లేకయే నీటిలో పడిరి. ఆ దుర్ఘటనకు రెండు మాసములకు ముందే, 2017 సెప్టెంబరులో, జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థవారు పడవల భద్రతకు మార్గదర్శక సూత్రములను ప్రకటించియుండిరి. సూత్రములు ముద్రణాలయమునుండి వెలువడినవి గాని రేవునకు చేరలేదు.

2019 సెప్టెంబరు 15. గండిపోచమ్మ రేవునుండి పాపికొండలకు బయలుదేరిన పెద్ద విహార పడవ, నాటి తూర్పుగోదావరి జిల్లా దేవీపట్నము మండలము కచ్చులూరు వద్ద మునిగెను. గోదావరి అప్పుడు దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరదతో పారుచుండెను. యాభైమందికి దరిదాపుగా అసువులు బాసిరి. పడవను బయటికి తీయుటకు అక్టోబరు 22 వరకు పట్టెను. ఆ దినమున 26 మంది బ్రతికిరి. బ్రతికినవారిలో పెక్కురు లైఫ్ జాకెట్లు తొడిగికొన్నవారు. వారిని ఒడ్డు చేర్చినది సమీపపు గిరిజన గ్రామములవారు. కేకలు విని, తమ నాటుపడవలు వేసికొని, ఆ వరదలోనికే వారు పోయిరి.

ఈ సంగతిని కొంచెము ఆగి ఆలోచింపవలెను. మునిగినది యంత్రముతో నడచు పెద్ద పడవ. ఆదుకొన్నవి తెడ్లతో సాగు చిన్న పడవలు. కాగితమును చూచి లెక్క కట్టువానికి పెద్ద పడవయే నమ్మదగినది. నీటిని చూచి లెక్క కట్టినవారు ఆ గిరిజనులు. ఆ వరదలో ఏ మార్గమున పోవలెనో వారికి తెలియును. దీనినిబట్టి కాగితము వ్యర్థమనరాదు. ఆ గిరిజనుల కున్న ఎరుకవంటి ఎరుకకు కాగితము సాక్ష్యముగా నుండవలెను. ఆ ఎరుక లేనివానికి కాగితమిచ్చుటయు, ఆ ఎరుక గలవానికి కాగితము లేదని పడవ విప్పింపకుండుటయు, రెండును తప్పులే.

2023 మే 7. కేరళమున తానూరు వద్ద, చీకటి పడు వేళ, రెండంతస్తుల విహార పడవ మునిగి 22 మంది మరణించిరి. అందు పిల్లలే ఎక్కువ. అది చేపలు పట్టుటకు కట్టిన పడవ. పైన అంతస్తు వేసి యాత్రికుల పడవగా మార్చిరి. పట్టవలసినవారికంటె ఎక్కువమందిని ఎక్కించిరి. అదే కేరళమున 2009 సెప్టెంబరు 30న తేక్కడి సరస్సులో రెండంతస్తుల పడవ యొకటి ఒరిగి 45 మంది జలసమాధియైరి. అడవి మృగములు కనబడగా చూచుటకై జనులు ఒక ప్రక్కకు చేరినట్లు బ్రతికినవారు చెప్పిరి.

2024 జనవరి 18. గుజరాతులోని వడోదరలో హర్ణి చెరువుమీద బడిపిల్లల విహారయాత్ర. పడవ తిరుగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు పోయిరి. చాలమందికి లైఫ్ జాకెట్లు తొడుగనేలేదు. అది నదియు కాదు, వరదయు లేదు, గాలివానయు లేదు. ఊరి నడుమ చెరువు. నీరు నిలుకడగా నున్నదని నమ్ముటకు వీలులేదని ఆ పసిపిల్లల చావు తెలుపుచున్నది.

ఈ దుర్ఘటనలు వేరువేరు రాష్ట్రములలో, వేరువేరు ఋతువులలో జరిగినవి. కారణములను ఒక చిట్టాలో వ్రాసి కూడినచో అవే మరల మరల వచ్చుచున్నవి: అధికభారము, ఎత్తున చేరిన జనము, తొడుగని జాకెట్టు, తగని వేళ, తగని పడవ.

బరువు లెక్క

పడవలో ఎందరు పట్టుదురను లెక్కను చోటునుబట్టి కట్టుట లోకములోని పొరపాటు. ఇంకను నిలువ చోటున్నదే, ఇంకొక పదిమంది ఎక్కవచ్చునే, అందురు. చోటు వేరు, మోయుశక్తి వేరు.

ఉదాహరణమునకు, నీటిమట్టమున 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల చదును పడవను తీసికొందము. దాని అడుగు వైశాల్యము 30 చదరపు మీటర్లు. పడవ ఒక సెంటీమీటరు దిగినచో అది త్రోసివేయు నీరు 300 కిలోగ్రాములు. మనిషికి 60 కిలోల వంతున 30 మంది ఎక్కినచో బరువు 1800 కిలోలు. అప్పుడు పడవ దిగునది 6 సెంటీమీటర్లు. అనగా సుమారు మూడు వ్రేళ్ల వెడల్పు. అనుమతికి మించి మరి ముప్పదిమందిని ఎక్కించినను కంటికి కనబడు తేడా మరి మూడు వ్రేళ్లే. చూచువాడు పడవ మునుగలేదు కదా యని ధైర్యపడును. సరంగు మరి నాలుగు రూపాయలు వచ్చునని సంతోషించును.

ప్రమాదము ఆ మూడు వ్రేళ్లలో మాత్రమే లేదు. బరువు ఎంత యనుటతోపాటు ఎక్కడ నున్నది యనునది ముఖ్యము. ధాన్యపు బస్తాలు వేసిన బండి గోతిలో చక్రము పడినను ఒరిగి మరల నిలుచును. అదే బరువుగల వరిగడ్డిని ఎత్తుగా వేసిన బండి అదే గోతిలో బోర్లపడును. ఇది రైతులందరు ఎరిగిన సంగతి. పై అంతస్తుమీద జనము నిలిచిన పడవ ఎత్తు గడ్డిబండి వంటిది. పైనున్నవారు ఏ కొంగనో, కొండనో చూచుటకు ఒక ప్రక్కకు చేరినచో, లేదా ఛాయాచిత్రము కొరకు ఒకచోట గుమిగూడినచో, గోతిలో చక్రము పడినట్లే. పడవ ఒక ప్రక్కకు వంగును. అంచుమీదుగా నీరు లోనికి వచ్చును. వచ్చిన నీరు వంగిన ప్రక్కకే పరుగెత్తి ఇంకను వంచును. తరువాత జరుగునది కొన్ని క్షణముల పని. ఈత వచ్చినవాడును పైకప్పు క్రింద చిక్కుకొనును.

ఈ లెక్కను కంటికి కనబడునట్లు చేసిన మహనీయుడొకడు ఆంగ్లదేశమున కలడు. సామ్యూల్ ప్లిమ్సాల్ డెర్బీ పట్టణమునుండి పార్లమెంటు సభ్యుడు. పాత ఓడలకు మితిమీరిన సరకెక్కించి పంపి, ఓడ మునిగినచో బీమా ధనము పుచ్చుకొను యజమానుల నెదిరించి, 1873లో నావికుల పక్షమున ఒక గ్రంథము వ్రాసెను. ఆతని పోరాటఫలముగా 1876 నాటి శాసనమువలన ఓడ ప్రక్కను భారరేఖ గీయుట విధియయ్యెను. ఆ గీత ఎచ్చట నుండవలెనో యజమానియే నిర్ణయించుకొను వీలు మొదట ఉండెను. 1890లో ఆ లోపము తీరి, స్థానమును చట్టమే నిర్ణయించెను. గీత నీట మునిగినచో ఓడ కదలరాదు. చదువురాని కూలివాడును ఆ గీతను చూచి ఓడ సంగతి గ్రహింపగలడు. ఒక పుస్తకము ఒక గీతను గీయించినది. ఆ గీత లోకమందలి ఓడరేవు లన్నింటికిని వ్యాపించినది. గ్రంథాలయ సభలో ఈ కథను స్మరించుట ఉచితము.

లైసెన్సు అనగానేమి?

భారతదేశమున లోతట్టు నీటి పడవలకు 1917 నాటి శాసనము చిరకాలము నడచెను. అది ఆవిరి పడవల కాలమున పుట్టినది. దానికి బదులు 2021లో పార్లమెంటు క్రొత్త అంతర్దేశీయ నౌకా శాసనమును చేసెను. 2022లో అది అమలులోనికి వచ్చెను. దేశమంతటికిని ఒకే పద్ధతి, ఒకే పట్టిక యుండవలెనని దాని యుద్దేశము.

లైసెన్సు అని జనులు వాడుకగా అనునది నిజమునకు ఒక కాగితము కాదు. మొదటిది నమోదు పత్రము. ఈ పడవ ఫలానావారిది, దాని సంఖ్య ఇది యని చెప్పునది. రెండవది సర్వే పత్రము; అడుగు, యంత్రము, ప్రాణరక్షణ సామగ్రి, అగ్నిమాపక సామగ్రి పరీక్షింపబడినవనియు, ఇంతమందికి మించి ఎక్కరాదనియు చెప్పునది. మూడవది సిబ్బంది యోగ్యతాపత్రము. పడవ నడుపువాడు, యంత్రము చూచువాడు తమ విద్యయందు పరీక్షింపబడిరని చెప్పునది. ఇవి గాక బీమా. వీనిలో ఒకటి యుండి మిగిలినవి లేకున్న, మూడు కోళ్లు విరిగిన మంచమునకు ఒక కోడు నిలిచినట్లుండును.

ఈ శాసనమున పల్లెవారు గుర్తింపదగిన అంశ మింకొకటి కలదు. యంత్రము లేని నాటుపడవల నమోదును జిల్లా, గ్రామస్థాయి స్థానిక సంస్థలకు అప్పగించుటకు అది వీలు కల్పించినది. రేవునందు పడవలెన్ని, ఎవరివి, ఏ స్థితిలో నున్నవి యను చిట్టా పంచాయతీ కచేరీలోనే యుండవచ్చునన్నమాట. రేవుల వేలముపాట లెక్కలు తరతరములుగా వ్రాసిన గ్రామములకు ఈ చిట్టా వ్రాయుట కష్టము కాదు. వేలములో ఎంత పాట వచ్చెనో పైసలతో సహా వ్రాయు చేతులు, పడవకు ఎన్ని జాకెట్లున్నవో వ్రాయలేవా?

కచ్చులూరు దుర్ఘటన పిమ్మట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 9 తావులలో పడవల నియంత్రణ గదులను నెలకొల్పెను. నీటిమట్టమును, వాతావరణమును, ఎక్కినవారి సంఖ్యను చూచి పడవను విడుచుట వాని పని. మంచి యేర్పాటు. అయినను ఏ గదియు ప్రతి రేవున నిలువజాలదు.

నడుపుకొను యాత్రికుని మాట

ఇంతవరకు కూలికి నడుపు పడవల మాట. వేడుకకై తానే నడుపుకొనువాని సంగతి యేమి? ఈ విషయమున ఇతర దేశముల పద్ధతి తెలిసికొనదగినది.

కెనడాలో 1999లో ఆరంభించి క్రమముగా విస్తరింపజేసి, 2009 సెప్టెంబరు 15 నాటికి మరపడవ నడుపు ప్రతి వినోదయాత్రికుడును యోగ్యత కలదని నిరూపించుకొనవలెనను నియమమును పూర్తి చేసిరి. సాధారణముగా ఒక పరీక్ష వ్రాసి కార్డు పొందుదురు. ఆ కార్డు జీవితాంతము చెల్లును. అమెరికాలో రాష్ట్రమునకొక పద్ధతి. ఫ్లోరిడాలో 1988 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారు 10 అశ్వశక్తి లేక అంతకు మించిన పడవను నడుపవలెనన్న భద్రతా విద్యాపత్రము కలిగియుండవలెను. సెలవు దినములలో అచ్చటి సరస్సులమీదికి పోవు తెలుగు బిడ్డలును, వారిని చూడబోవు తల్లిదండ్రులును ఈ సంగతి ఎరిగియుండుట మంచిది.

ఈ విద్యవలన ఫలమేమి? అమెరికా తీరరక్షక దళమువారి లెక్కప్రకారము 2023లో వినోద పడవల ప్రమాదములలో 564 మంది మరణించిరి. మరణకారణము తెలిసినంతలో నూటికి 75 మంది మునిగి చనిపోయినవారు. వారిలో నూటికి 87 మంది లైఫ్ జాకెట్టు తొడుగనివారు. నడుపువాని శిక్షణ సంగతి తెలిసినంతలో నూటికి 75 మరణములు భద్రతా శిక్షణ పొందనివారు నడిపిన పడవలలో సంభవించినవి. మరణములకు తెలిసిన కారణములలో మద్యపానము అగ్రస్థానమున నున్నది. సంపన్న దేశము, మంచి పడవలు, మంచి యంత్రములు. అయినను చదువనివానిని, తాగినవానిని, జాకెట్టు తొడుగనివానిని నీరు అక్కడను విడువలేదు.

మన దేశముననే గోవాలో 1990లో స్థాపింపబడిన జాతీయ జలక్రీడా సంస్థ కలదు. పడవ నడుపుటయందును, ప్రాణరక్షణయందును అచ్చట శిక్షణ ఇచ్చుచున్నారు. నదీతీర గ్రామములనుండి యువకులను ఇట్టి శిక్షణకు పంపుట పంచాయతీలకును, యువజన సంఘములకును మంచి పని.

ఆక్షేపణలు

లైసెన్సు మాట ఎత్తగానే పేద పడవవాని పొట్టకొట్టుచున్నారను ఆక్షేపణ వచ్చును. దీనిని తేలికగా త్రోసివేయరాదు. రుసుములు కట్టలేక, కచేరీల చుట్టు తిరుగలేక, పరీక్ష వ్రాయు అక్షరములు రాక, విద్య గల పడవవాడు తప్పుకొని, ధనము గల కొత్తవాడు రేవును పట్టుకొనినచో చట్టము ఉద్దేశము నీటిపాలగును. కావున పరీక్ష తెలుగులో జరుగవలెను. వ్రాయలేనివానికి నోటితోను, చేతితోను జరుగవలెను. అధికారి రేవునకు రావలెను గాని పడవవాడు పట్టణమునకు పోనక్కర యుండరాదు. జాకెట్లు కొనుటకు సహకార సంఘముల అప్పు దొరకవలెను. ఇవి జరిగిన పిమ్మటను నియమమును తప్పినవానిమీద దయ చూపుట, ఎక్కినవారిమీద నిర్దయ చూపుటయే.

నుదుట వ్రాసినది తప్పదనువారు మరికొందరు. పడవ యెక్కువాడు జాకెట్టు తొడిగికొనరాదని నుదుట ఎవరును వ్రాయలేదు. కౌటిల్యుడు మరమ్మతు లేని పడవ మునిగినప్పుడు విధిని గాక అధ్యక్షుని పట్టుకొనెనని పైని వింటిమి.

రేవునందు చేయవలసినవి

లైసెన్సు సరంగునకు, విద్య అందరికిని. రేవునకు వచ్చిన ప్రతివాడును కడపటి తనిఖీ అధికారియే. పడవ నెక్కుటకు ముందు అతడు చూడవలసినవి కొన్ని కలవు.

పడవ మీద నమోదు సంఖ్యయు, ఎక్కదగినవారి సంఖ్యయు వ్రాసియున్నదా? తలలు లెక్కింపవలెను. మించినచో దిగవలెను, దిగుటలో అవమానము లేదు. సరంగు తాగియున్నచో, చీకటి పడినచో, ఏరు వరదలో నున్నచో, గాలి మబ్బు లేచినచో ఎక్కరాదు. పడవ కదలక ముందే జాకెట్టు తొడిగి పట్టీలన్నియు బిగింపవలెను. భోజనమునకు గాని, ఉక్కకు గాని, ఛాయాచిత్రమునకు గాని విప్పరాదు. పిల్లలకు పిల్లల కొలత జాకెట్టే వేయవలెను. పెద్దది వేసినచో బిడ్డ అందులోనుండి జారిపోవును. కూర్చున్నచోటనే యుండవలెను. వానజల్లు కొట్టునని తలుపులు, కిటికీలు అన్నియు మూయరాదు. పడవ ఒరిగినచో అవే బయటపడు దారులు.

పడవ తిరుగబడినచో, అది తేలుచున్నంతవరకు దానినే పట్టుకొనియుండవలెను. ఒడ్డు దగ్గరగా కనబడినను ఈదబోయి అలసి మునిగినవారు పెక్కురు. ఒడ్డుననున్నవారు మునుగువానికొరకు తొందరపడి దూకరాదు. ప్రాణభయముననున్నవాడు రక్షింపవచ్చినవానిని గూడ క్రిందికి లాగును. త్రాడు, గెడ, చీర, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏది దొరికిన అది అందింపవలెను. వెలికి తీసినవానిని తలక్రిందులు చేసి త్రిప్పుట, కడుపు నొక్కుట పాత వాడుక. అది మంచిది కాదు. ఊపిరి లేనిచో వెల్లకిల పరుండబెట్టి, నోటిలో నోరుంచి ఊపిరి ఊది, రొమ్ము నడుమ లయగా నొక్కుచు, 108కి వార్త పంపవలెను. ఈ విద్యను ఆరోగ్య కార్యకర్తలవద్ద ఒక పూటలో నేర్చుకొనవచ్చును.

గ్రంథాలయ కర్తవ్యము

గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పుస్తకములను కాపాడినది. రాబోవు కాలమున ప్రాణములను కాపాడు పని కొంత చేపట్టుట దానికి శోభ. భద్రతా నియమములను పెద్ద యక్షరములతో తెలుగున వ్రాయించి రేవున పలక నిలుపుట. ఎండకాలపు సెలవులలో పిల్లలకు ఈతయు, ఊపిరి నిలుపు విద్యయు నేర్పించుట. యాత్రలకు పోవు బడిపిల్లలకు ముందుగా ఒక గంట పాఠము చెప్పించుట. ఊరి పడవవారిని పిలిపించి, వారెరిగిన ఏటి సంగతులను, సుడుల తావులను, వరద గురుతులను వారి నోటినుండి విని వ్రాసి యుంచుట. ఈ కడపటిది ముఖ్యము. ఆ ఎరుక ఏ పుస్తకమునను లేదు. ముసలి సరంగులతోనే అది పోవుచున్నది. దానిని వ్రాసియుంచిన గ్రంథము గ్రంథాలయమున నున్నచో, రేపు పరీక్షకు పోవు యువకునికి పాఠ్యపుస్తకమగును.

పూర్వము పడవ పుస్తకములను మోసి ఊరూర దింపినది. ఇకమీదట పుస్తకము పడవను క్షేమముగా ఒడ్డు చేర్చుగాక. ఎక్కినవారందరు నవ్వుచు దిగుదురుగాక. సరంగునకు పనియు, గౌరవమును నిలుచుగాక. గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఈ తీరమున పడవ ప్రమాదమనునది పాత సంచికలలో చదువు సంగతిగా మాత్రమే మిగులుగాక.

స్వస్తి.